లాటిన్ నేర్చుకోవడానికి నేను చేసిన వెతుకులాట

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు దానికి దగ్గరలోనే ఉన్న రోమన్ రచయిత చిన్న ప్లినీ, చాలా ఏళ్ల తరువాత చరిత్రకారుడు టాసిటస్‌కు ఆ సంగతులు వివరిస్తూ రెండు లేఖలు రాశాడు. వాటి ఇంగ్లీషు అనువాదాలు రెండు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నప్పుడు నాకు లాటిన్ నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టింది. ఒకాయన మూడు పొట్టి వాక్యాలుగా విడగొట్టినదాన్ని మరొకాయన ఒకే దీర్ఘవాక్యంగా నడిపాడు. ఒకచోట నిబ్బరంగా కనిపించిన మనిషి మరోచోట మొండివాడిలా కనిపించాడు. ప్లినీ అసలేమన్నాడో నేనే చూసుకోవాలనిపించింది. అప్పటికి నాకు లాటిన్‌లో ఒక్క వాక్యం కూడా రాదు. మూడేళ్లు గడిచాక ఇప్పుడు మొదటి లేఖను పూర్తిగా, రెండోదాన్ని సగం దాకా మూలంలోనే చదివాను. ఈ మూడేళ్లలో చదువు మీద పెట్టిన కాలం ఎంతో, దేనితో చదవాలి అని వెతకడం మీద పోయిన కాలం కూడా ఇంచుమించు అంతే. ఆ వెతుకులాటలో ఏది పనికివచ్చిందో, ఏది నా చేతకానితనం వల్ల పనికిరాకుండా పోయిందో ఇక్కడ రాస్తున్నాను.

తెలుగులో లాటిన్ నేర్పే పుస్తకమేదీ నాకు దొరకలేదు కనుక ఇంగ్లీషు ద్వారానే వెళ్లవలసి వచ్చింది. ఇంగ్లీషులో మాత్రం సామగ్రికి లోటు లేదు. లాటిన్ వందల ఏళ్ల పాటు బడుల్లో చెప్పిన భాష కావడం వల్ల కాపీరైటు గడువు తీరిపోయిన వ్యాకరణాలు, వాచకాలు, నిఘంటువులు కుప్పలుగా ఉచితంగా దొరుకుతాయి. ఈ సమృద్ధే మొదట నా కొంప ముంచింది. ఒక నెల తిరిగేసరికి నా కంప్యూటర్లో ఇరవై మూడు పుస్తకాలు పోగయ్యాయి. ఒక్కోదానిలో మొదటి రెండు పాఠాలు చదివి, ఇంకోదానిలో ఇంతకంటే బాగా చెప్పి ఉంటారేమోనని దానికి మారేవాణ్ని. అందువల్ల ప్రథమా విభక్తి ఏమిటో ఇరవై మూడు రకాలుగా తెలిసింది కానీ, ద్వితీయా విభక్తి దగ్గరికి ఒక్కసారి కూడా చేరలేదు.

ఈ తిరుగుడు మానేసి నేను పట్టుకున్న మొదటి పుస్తకం ఫ్రెడరిక్ వీలాక్ రాసినది. 1956లో వచ్చిన ఈ పుస్తకం నలభై అధ్యాయాలతో, ఆ తరువాత పలు సవరణలతో, అమెరికా కళాశాలల్లో నేటికీ వాడుకలో ఉంది. పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. ముందు వ్యాకరణ సూత్రం, తరువాత రూపాల పట్టిక, ఆపైన అభ్యాస వాక్యాలు. శబ్దమంజరి వల్లె వేసినట్టుగా నేను ఆ పట్టికలు వల్లె వేశాను. పద్నాలుగు అధ్యాయాల దాకా బాగానే నడిచింది. తేడా ఎక్కడ బయటపడిందంటే, అభ్యాసాల్లో లేని ఒక చిన్న పేరా ముందుకు వచ్చినప్పుడు నేను చదవడం లేదు, ముడి విప్పుతున్నాను. ముందు క్రియను వెతికి పట్టుకోవడం, తరువాత కర్తను, ఆ తరువాత కర్మను వేటాడడం, చివరికి వాటన్నింటినీ ఇంగ్లీషు వరుసలో పేర్చి, అప్పుడు దానికి అర్థం చెప్పుకోవడం. ఆరు పదాల వాక్యానికి అయిదు నిమిషాలు పట్టేది. తప్పు పుస్తకానిది కాదు. ప్రాచీన రచయితల నుంచి ఏరి తెచ్చిన దాని వాక్యాలు చాలా మంచివని తరువాత తిరిగి వెళ్లినప్పుడు తెలిసింది. వ్యాకరణం మీద అంత శ్రద్ధ పెట్టిన నేను, చదవడమనే పనికి రోజుకు పది నిమిషాలు కూడా ఇవ్వలేదు. అదీ అసలు లోపం.

ఉచ్చారణ దగ్గర ఇంకొక తికమక పడ్డాను. నేను విన్న మొదటి రికార్డింగులో సీజర్‌ను 'చేసర్' అన్నారు, రెండోదానిలో 'కైసర్' అన్నారు. వాటిలో ఒకటి తప్పయి ఉంటుందనుకుని వారం రోజులు వృథా చేసుకున్నాను. రెండూ సరైనవే. కైసర్ అనేది ప్రాచీన రోమన్ల ఉచ్చారణను పండితులు ఆధారాలతో పునర్నిర్మించిన పద్ధతి; చేసర్ అనేది ఇటలీ పలుకుబడిని అనుసరించి చర్చిలో స్థిరపడిన పద్ధతి. పునర్నిర్మించామని అంత ధీమాగా ఎలా అనగలరని నాకు సందేహం వచ్చింది. దానికి జవాబు సిడ్నీ ఆలెన్ 1965లో ప్రచురించిన లాటిన్ ఉచ్చారణ గ్రంథంలో దొరికింది. గ్రీకులు రోమన్ వక్త సిసిరో పేరును తమ లిపిలో రాసుకున్నప్పుడు రెండు చోట్లా 'క' అక్షరమే వాడారు, అంటే వాళ్ల చెవికి అది 'కికెరో' అనే వినబడింది. ఇలాంటి ఆధారాలు ఒకటీ రెండూ కావు. ఏ పద్ధతి ఎంచుకున్నా మధ్యలో మార్చకూడదన్నదే నాకు తెలిసివచ్చిన విషయం. నేను ప్రాచీన పద్ధతిని ఎంచుకుని, పాఠాలకు తోడుగా వినే రికార్డింగులు అన్నీ ఆ పద్ధతివే ఉండేట్టు చూసుకున్నాను.

ఇక పదాల కార్డుల సంగతి. ఎవరో తయారుచేసి పెట్టిన వెయ్యి పదాల కార్డుల కట్ట ఒకటి దింపుకుని, నాలుగు నెలలు నిష్ఠగా తిప్పాను. దానిలో రెండు లోపాలున్నాయని నాకు అప్పుడు తెలియదు. మొదటిది, నామవాచకానికి ప్రథమా విభక్తి రూపం ఒక్కటే ఇచ్చారు. 'రేక్స్' అంటే రాజు అని నేర్చుకున్నవాడికి వాక్యంలో 'రేగిస్', 'రేగెమ్' కనబడితే గుర్తుపట్టలేడు. షష్ఠీ రూపం, లింగం కలిపి నేర్చుకుంటేనే ఆ పదం వచ్చినట్టు. క్రియలకైతే నాలుగు రూపాలూ కావాలి. మోయడం అనే అర్థమున్న క్రియ 'ఫెరో, ఫెర్రె, తులీ, లాతుమ్' అని నడుస్తుంది. మొదటిది మాత్రమే తెలిసినవాడికి మూడోది చుట్టమని కూడా తోచదు. రెండో లోపం ఇంకా పెద్దది. ఆ కార్డుల్లో అచ్చుల మీద దీర్ఘచిహ్నాలు లేవు. రోమన్ లిపిలో హ్రస్వానికీ దీర్ఘానికీ ఒకే అక్షరం కావడం వల్ల, నేర్చుకునేవారి పుస్తకాల్లో దీర్ఘం మీద చిన్న అడ్డగీత పెడతారు. ప్రాచీన గ్రంథాల ముద్రణల్లో సాధారణంగా పెట్టరు. గీత ఎగిరిపోతే వేర్వేరు పదాలు ఒకటే అయిపోతాయి.

ఇక్కడే నాకు ఏ పుస్తకమూ చెప్పని సాధనం ఒకటి దొరికింది. అది మన లిపి. లాటిన్ అచ్చులు అయిదు, ఒక్కోదానికి హ్రస్వమూ దీర్ఘమూ ఉన్నాయి, అంటే అఆ, ఇఈ, ఉఊ, ఎఏ, ఒఓ. మనకున్నవీ సరిగ్గా అవే. దేవనాగరిలో రాసుకుందామంటే ఎ-ఏ, ఒ-ఓ తేడా మామూలుగా రాదు, మనకు ఆ చిక్కు లేదు. ఒక నోటుపుస్తకం తీసి, నన్ను తిప్పలు పెట్టిన పదాలన్నీ తెలుగు లిపిలో రాసుకున్నాను. 'మలుమ్' అంటే చెడు, 'మాలుమ్' అంటే ఆపిల్ పండు. 'లిబెర్' పుస్తకం, 'లీబెర్' స్వేచ్ఛ గలవాడు. 'ఒస్' ఎముక, 'ఓస్' నోరు. 'వెనిత్' అంటే వస్తున్నాడు, 'వేనిత్' అంటే వచ్చాడు. ద్విత్వాలదీ అదే కథ: 'అన్నుస్' సంవత్సరం, 'అనుస్' ముసలమ్మ. ఇంగ్లీషు మాతృభాషగా గలవారి కోసం రాసిన పుస్తకాలు ద్విత్వాన్ని ఎలా పలకాలో ఒక పేరా ఖర్చుపెట్టి వివరిస్తాయి. అక్క, అమ్మ అంటూ పెరిగినవాళ్లకు ఆ పేరాతో పని లేదు. పాత కార్డుల కట్టను తీసేసి, డికిన్సన్ కళాశాల ఉచితంగా అందిస్తున్న మౌలిక పదావళిని ఆధారం చేసుకుని నా కార్డులు నేనే రాసుకున్నాను. లాటిన్ గ్రంథాల్లో తరచుగా వచ్చే సుమారు వెయ్యి పదాల జాబితా అది, దీర్ఘచిహ్నాలతో సహా ఉంటుంది. రోజుకు ఎనిమిది పదాలకు మించి రాసుకోలేదు. చేత్తో రాసుకున్నవి, వెయ్యి ఒక్కసారిగా దింపుకున్నవాటికంటే గట్టిగా నిలిచాయి.

నన్ను నిజంగా చదివించిన పుస్తకం డెన్మార్క్‌కు చెందిన హన్స్ ఎర్బర్గ్‌ది. 1955లో మొదట వెలువడిన ఈ గ్రంథం మొదటి నుంచి చివరి దాకా లాటిన్‌లోనే ఉంటుంది. ఏ ఇతర భాషలోనూ ఒక్క మాట కూడా ఉండదు. భాష రానివాడికి ఆ భాషలోనే పాఠం చెప్పడం గారడీలా అనిపించి, నేను దాన్ని చాలాకాలం పక్కన పెట్టాను. తెరిచి చూస్తే మొదటి పేజీలో రోమన్ సామ్రాజ్య పటం, దాని కింద 'రోమ ఇన్ ఇతలియా ఎస్త్' అన్న వాక్యం కనిపించాయి. రోమ్ ఇటలీలో ఉంది. తరువాతి వాక్యం, 'ఇతలియ ఇన్ ఎఉరోపా ఎస్త్'. ఇటలీ ఐరోపాలో ఉంది. పటం చూస్తున్నవాడికి ఇది అర్థం కాకుండా పోదు. నేను మాత్రం ఇంకొకటి గమనించాను. మొదటి వాక్యంలో 'ఇతలియా', రెండోదానిలో 'ఇతలియ'. ఆ చివరి దీర్ఘంలోనే 'లో' అనే విభక్తి ఉంది. వీలాక్ పట్టికలో వల్లె వేసిన రూపం ఇక్కడ పని చేస్తూ కనబడింది.

అక్కడి నుంచి ఒక రోమన్ కుటుంబం కథగా పుస్తకం సాగుతుంది. తండ్రి యూలియుస్, తల్లి అయ్‌మిలియ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, బోలెడు బానిసలు. మూడో అధ్యాయంలో పెద్దవాడు మార్కుస్ చెల్లెల్ని కొడతాడు. 'మార్కుస్ యూలియమ్ పుల్సత్' అన్న ఆ వాక్యంతోనే ద్వితీయా విభక్తి వస్తుంది. యూలియ ఏడ్చినప్పుడు 'యూలియ', దెబ్బ తిన్నప్పుడు 'యూలియమ్'. 'యూలియను' అనడంలో మన 'ను' చేసే పనే అక్కడ 'మ్' చేస్తోంది. సూత్రం చెప్పకముందే పదిసార్లు చదివేస్తాం. అధ్యాయం చివర్లో సూత్రం కనబడేసరికి అది పాత పరిచయంలా ఉంటుంది. ముప్పై అయిదు అధ్యాయాల ఈ మొదటి భాగం పూర్తి చేయడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ప్రతి అధ్యాయాన్నీ మూడుసార్లు చదివాను: ఒకసారి మౌనంగా, ఒకసారి పైకి, వారం తరువాత మరొకసారి. ఆ మూడో చదువే అసలైనదని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పటికి కథ తెలిసిపోయి ఉంటుంది కనుక దృష్టి మాటల మీదికి పోతుంది. పుస్తకం ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. పన్నెండో అధ్యాయం దాటాక రూపాలు ముసురుకున్నప్పుడు వీలాక్ పట్టికలకు తిరిగి వెళ్లాను. ఈసారి అవి నోటికి కాక కంటికి వచ్చాయి.

లాటిన్ విభక్తుల్లో ఆబ్లేటివ్ అనేది అందరినీ ఏడిపిస్తుంది. ఇంగ్లీషు వ్యాకరణాలు దానికి డజనుకు పైగా ఉపయోగాలు చెప్పి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెడతాయి. నేను ఆ పేర్లు రెండుసార్లు నేర్చుకుని రెండుసార్లు మరిచిపోయాను. చివరికి బాల్యంలో కంఠస్థం చేసిన మన విభక్తి ప్రత్యయాల వరుసే గట్టెక్కించింది. 'గ్లదియో' అంటే కత్తితో, ఇది మన తృతీయ. 'రోమా వెనిత్' అంటే రోమ్ నుంచి వస్తున్నాడు, ఇది పంచమి. 'ఇన్ ఇతలియా' సప్తమి. మూడు విభక్తులు కలిసి ఒకే గొడుగు కింద చేరాయని అనుకుంటే సరిపోయింది. 'మార్కుస్ క్వీంతో మయ్యొర్ ఎస్త్', అంటే క్వీంతుస్ కంటే మార్కుస్ పెద్దవాడు. పోలికకు ఆబ్లేటివ్ ఎందుకో చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకానికి అరపేజీ పట్టింది. 'వలన, కంటె, పట్టి' పంచమి అని చదువుకున్నవాడికి అందులో వింతేమీ కనబడదు.

'ఉర్బె కప్తా' అనే నిర్మాణం మరీ విశేషం. రోమన్ చరిత్రకారులు పేజీకి నాలుగుసార్లు వాడే ఈ రూపాన్ని ఇంగ్లీషు పాఠ్యపుస్తకం 'పట్టుబడినదైన నగరంతో' అన్న ధోరణిలో అప్పజెప్పిస్తుంది. తెలుగులో అది 'నగరం పట్టుబడగా'. అంతే. ఒక కర్తతో ఒక పని ముగిసి, మరో కర్తతో ప్రధాన క్రియ నడవడానికి మన 'గా' చేసే పనిని అది అచ్చంగా చేస్తోంది. క్రియ వాక్యం చివరికి పోవడం కూడా ఇంగ్లీషు వాడికి అవస్థ, మనకు అలవాటు. ఇది గ్రహించిన రోజు నుంచి నేను లాటిన్ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చడం మానేశాను. వివరణలు ఇంగ్లీషులోనే చదివేవాణ్ని, వాక్యాన్ని మాత్రం నేరుగా తెలుగులో తలచుకునేవాణ్ని. నా వేగం రెట్టింపు కావడానికి ఏ పుస్తకం కంటే కూడా ఈ ఒక్క మార్పే ఎక్కువ కారణం.

నిఘంటువుల విషయంలో పెద్దగా వెతకవలసిన పని లేకపోయింది. 1879లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడిన ల్యూయిస్, షార్ట్‌ల నిఘంటువు ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. పాతదే అయినా ఉదాహరణలు పుష్కలం. వ్యాకరణానికి ఆలెన్, గ్రీనోల 1903 నాటి గ్రంథం చాలు, కాకపోతే దాన్ని ఆద్యంతం చదవబోకుండా సందేహం వచ్చినచోట మాత్రమే తెరవాలి. ఒక రూపం ఏ పదానికి చెందినదో తెలియకపోతే విలియం విటాకర్ అనే విశ్రాంత అమెరికా వైమానిక దళ కర్నల్ తయారుచేసిన 'వర్డ్స్' అనే ప్రోగ్రాం ఉంది. అడా అనే కంప్యూటర్ భాషలో రాసిన ఆ ప్రోగ్రాంలో ఏ రూపం టైపు చేసినా విభక్తి, వచనం, అర్థం విడదీసి చూపిస్తుంది. రక్షణ రంగపు ప్రోగ్రామింగ్ భాషతో రెండు వేల ఏళ్ల నాటి క్రియాపదాలను విడగొట్టడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నడిపే పెర్సియస్ గ్రంథాలయంలో ప్రాచీన గ్రంథాలు అనేకం ఉన్నాయి, ఏ పదం మీద నొక్కినా దాని వివరం వస్తుంది. ఇది ఎంత సౌకర్యమో, నా చేతిలో అంత వ్యసనమైంది. తెలిసిన పదాల మీద కూడా నొక్కడం మొదలుపెట్టాను. ఒక పేజీ ముగిశాక ఒక్క కొత్త పదమైనా గుర్తుందా అని చూసుకుంటే ఏమీ లేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: పేరా మొత్తం ఒకసారి ఏమీ నొక్కకుండా చదివి, తెలియని పదాల కింద గీత గీసి, రెండోసారి చదివేటప్పుడే అర్థాలు చూడాలి. సగం పదాలకు ఆ అవసరం రాలేదు. వినడానికి వాటికన్ రేడియో 2019 నుంచి వారానికోసారి లాటిన్‌లో చదువుతున్న వార్తలు దొరికాయి. ఉచ్చారణ చర్చి పద్ధతిది కనుక పాఠాలతో కలపలేదు. నేటి ప్రపంచపు సంగతులు లాటిన్‌లో ఎలా చెబుతారో వినే సరదా కోసమే విన్నాను.

వాచకం ముగిశాక అసలు గ్రంథాలకు వెళ్లేటప్పుడు ఒక అగాధం ఉంటుంది. దీని గురించి ముందే ఎవరైనా హెచ్చరించి ఉంటే బాగుండేది. ముప్పై అయిదు అధ్యాయాలు పూర్తయిన సంబరంలో నేను నేరుగా ప్లినీ లేఖ తెరిచి, మూడో పంక్తిలో మునిగిపోయాను. తెలిసిన పదాలే, తెలిసిన రూపాలే, అయినా వాక్యం ఎటు పోతోందో అంతుపట్టలేదు. చేతికి అందింది కదా అని లోబ్ గ్రంథమాల సంపుటం పట్టుకున్నాను. జేమ్స్ లోబ్ స్థాపించిన ఈ గ్రంథమాలలో లాటిన్ సంపుటాలకు ఎర్ర అట్ట, గ్రీకు వాటికి ఆకుపచ్చ అట్ట. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు అనువాదం ఉంటాయి. నా కన్ను ఎడమ పేజీలో మూడు పదాలు నడిచి, కుడి పేజీకి జారిపోయేది. వారం చివరికి నేను చదివింది మళ్లీ ఇంగ్లీషే.

అందుకని వెనక్కి తగ్గి, మెట్లు వెతుక్కున్నాను. ఫ్రాన్సిస్ రిచీ అనే ఉపాధ్యాయుడు పెర్సియస్, హెర్క్యులిస్ వంటి గ్రీకు వీరుల కథలను బడిపిల్లల కోసం సులువైన లాటిన్‌లో రాసిన చిన్న పుస్తకం ఉంది. కాపీరైటు గడువు తీరిపోయింది. ఆ కథలు రెండు నెలలు చదివాను. తరువాత జెరోమ్ అనువదించిన లాటిన్ బైబిల్‌లో ఆదికాండం. దానిలో వాక్యాలు చిన్నవి, క్రియ ముందుకే వస్తుంది, కథ ముందే తెలుసు. ఆపైన నాలుగో శతాబ్దంలో యూట్రోపియస్ చక్రవర్తి వాలెన్స్ కోసం రాసిన సంక్షిప్త రోమన్ చరిత్ర. శైలి కోసం దాన్ని ఎవరూ మెచ్చుకోరు, కానీ తడబడకుండా పది పేజీలు చదవగలిగిన మొదటి ప్రాచీన గ్రంథం నాకు అదే కనుక నేను దానికి రుణపడి ఉన్నాను. ఆ తరువాతే గాల్ యుద్ధాల గురించి సీజర్ రాసిన గ్రంథం దగ్గరికి వెళ్లాను, డికిన్సన్ కళాశాల వారు పదాల అర్థాలతో, వివరణలతో అందించిన భాగాలు మాత్రమే. సీజర్ సులువని అంటారు. పదాలు సులువు, వార్తాహరులు చెప్పినదాన్ని పరోక్షంగా చెబుతూ అరపేజీ సాగే వాక్యాలు సులువు కావు.

ఈ దశలోనే సరదాకు రోమన్ కవి వర్జిల్ కావ్యంలో మొదటి పంక్తి తీశాను. ఛందస్సు ఎలా చూడాలో చెప్పే పాఠం హ్రస్వదీర్ఘ గుర్తుల గురించి చాలా దూరం వెళ్లింది. నేను గురులఘువులు పెట్టి చూశాను. 'అర్మ వి' భగణం. 'రుమ్‌క్వె క' భగణం. ఆ తరువాత రెండు గగలు, ఒక భగణం, చివర ఒక గగం. పాదానికి ఆరు గణాలు, ఒక్కోటి భగణమో గగమో, అయిదోది ఎక్కువగా భగణం, ఆరోది గగమో గలమో. సంయుక్తాక్షరం ముందున్నది గురువవుతుందన్న నియమం కూడా ఇంచుమించు మనదే. ప్రాస లేదు, వడి లేదు. పావుగంటలో పట్టుబడింది. అయితే గణాలు కట్టినంత తేలిగ్గా వర్జిల్ అర్థం కాలేదు కనుక పుస్తకం మూసి సీజర్ దగ్గరికే తిరిగి వెళ్లాను.

ప్లినీ మొదటి లేఖను మళ్లీ తెరిచింది మూడో ఏడాది మధ్యలో. 'పెతిస్ ఉత్ తిబి అవుంకులీ మెఈ ఎక్సితుమ్ స్క్రీబమ్' అని మొదలవుతుంది. నా అవుంకులుస్ మరణం గురించి నీకు రాయమని అడుగుతున్నావు, అని దాని భావం. నా దగ్గరున్న ఒక చిన్న నిఘంటువు 'అవుంకులుస్'కు ఇంగ్లీషులో 'అంకుల్' అని ఊరుకుంది. అనువాదాల్లోనూ అదే చదివాను. ల్యూయిస్, షార్ట్‌లో చూస్తే తల్లి సోదరుడు అని ఉంది. తండ్రి సోదరుడికి 'పత్రుఉస్' అనే వేరే పదం ఉంది. అంటే మేనమామ. నౌకాదళాన్ని వెంటబెట్టుకుని అగ్నిపర్వతం వైపు వెళ్లి ప్రాణం పోగొట్టుకున్న పెద్ద ప్లినీ, చిన్న ప్లినీకి మేనమామ. మేనత్తకు 'అమిత', తల్లి అక్కచెల్లెళ్లకు 'మాతెర్తెర' అన్న పదాలు కూడా ఆ పక్కనే దొరికాయి. ఇంగ్లీషులో ఒక్క మాటగా కుదించుకుపోయిన చుట్టరికం, లాటిన్ నుంచి తెలుగులోకి చెక్కుచెదరకుండా వచ్చింది. ఆ వింత మేఘాన్ని ముందుగా చూసి ఆయనకు చెప్పినది 'మా అమ్మ' అని ప్లినీ రాస్తాడు. అక్కడ ఉన్నది తోబుట్టువులని తెలిశాక ఆ వాక్యం వేరేగా వినబడింది.

ఆ లేఖ ముగించడానికి ఆరు వారాలు పట్టింది. 'సెప్టెంబరు కలెండ్స్‌కు తొమ్మిదో రోజు' అన్న తేదీ దగ్గర ఆగిపోతే (కలెండ్స్ అంటే నెల మొదటి రోజు), ఆలెన్, గ్రీనోలలో రోమన్లు రోజులు వెనక్కి లెక్కపెట్టే పద్ధతి చదివి, రెండు కొసలూ కలుపుకుని లెక్కించాలని తెలిశాక, ఆగస్టు 24 అని తేలింది. రెండో లేఖ మొదటి వాక్యంలోనే 'దే మొర్తె అవుంకులీ మెఈ' అని వచ్చినప్పుడు నిఘంటువు వైపు చూడలేదు.

ఇప్పుడు దానిలో సగం దగ్గర ఉన్నాను. తనకు అప్పుడు 'దుఒదేవీకేసిముమ్' ఏడు నడుస్తోందని ప్లినీ చెబుతాడు. ఆ మాటను విడదీస్తే ఇరవయ్యోదానికి రెండు తక్కువ అని వస్తుంది, అంటే పద్దెనిమిదో ఏడు. కాళ్ల కింద నేల కదులుతుండగా ఆ కుర్రవాడు ఇంటి ఆవరణలో తల్లి పక్కన కూర్చుని 'పొస్కో లిబ్రుమ్' అంటాడు. ఇక్కడ 'లి' హ్రస్వం కనుక అది పుస్తకమే. చరిత్రకారుడు లివీ గ్రంథం తెప్పించుకుని, తీరిక ఉన్నవాడిలా చదువుతూ, అంతకుముందు మొదలుపెట్టినట్టే దానిలోంచి ముక్కలు ఎత్తి రాసుకుంటూ కూర్చున్నాడు.